మా మేనకోడలి చదువు

మా చెల్లెలు ఉత్తపుణ్యానికి ఫోను చెయ్యదు. పండగలకీ పబ్బాలకీ నేనే చెయ్యాలి. అంచేత 2024 వేసవిలో ఒకనాటి పొద్దున్నే, కాఫీ గ్లాసు ఇంకా చేతిలో వుండగానే దాని గొంతు వినబడేసరికి నా గుండె గతుక్కుమంది.

"అన్నయ్యా, నువ్వొకసారి హైదరాబాదు రావాలి. అమ్మాయికి నాలుగు మాటలు చెప్పాలి" అంది.

పెళ్ళీడు పిల్లకి మేనమామ వచ్చి నాలుగు మాటలు చెప్పాలంటే దాని అర్థమేమిటో పాఠకులకు నేను వేరే మనవి చెయ్యనక్కరలేదు. సంచీ సర్దుకుని రైలెక్కాను. దారిపొడుగునా ఆ నాలుగు మాటలూ, వాటికి తోడుగా మరో నలభై మాటలూ కూర్చుకున్నాను. ఇరవయ్యేళ్ళుగా కాలేజీలో తెలుగు పాఠం చెబుతున్నవాణ్ణి. మాటలకేం కరువు?

తీరా వెళ్ళి చూస్తే సంగతి పెళ్ళీ కాదు, ప్రేమా కాదు. చదువు! కంప్యూటర్లతో బి.ఎస్సీ. పాసయిన పిల్ల, తోటివాళ్ళందరూ సాఫ్టువేరు ఉద్యోగాల వెంట పరుగెడుతూ వుంటే, తను మాత్రం గుజరాతులోని గాంధీనగరం వెళ్ళి డిజిటల్ ఫోరెన్సిక్స్‌లో ఎమ్మెస్సీ చేస్తానని భీష్మించుకు కూర్చుంది. నేరం జరిగిన చోట వేలిముద్రలూ నెత్తురు మరకలూ వెదికినట్టే, కంప్యూటర్లలోనూ ఫోన్లలోనూ మిగిలిపోయిన జాడలు వెదికి, అవి కోర్టులో నిలబడేటట్టు పట్టి ఇచ్చే విద్య అది. అందులోనూ ఉగ్రవాదుల కేసుల్లో ఆ విద్య ఎలా ఉపయోగపడుతుందో నేర్చుకోవాలని దాని పట్టుదల.

"దొంగల్ని పట్టడానికి పోలీసులున్నారు. బాంబులవాళ్ళ జోలి మనబోటివాళ్ళకెందుకు చెప్పండి బావా" అన్నారు మా బావగారు. ఆయన ఉద్యోగం లెక్కల పద్దులతో. ఆ పద్దుల్లో తేడా వస్తేనే ఆయనకు రాత్రి నిద్రపట్టదు.

"ఏమ్మా, ఎందుకీ పంతం?" అన్నాను నేను, కూర్చుకొచ్చిన మాటల్లో మొదటిది తీసి.

పిల్ల పంతంగా మాట్లాడలేదు. మెల్లగా చెప్పింది.

"మావయ్యా, 2013 ఫిబ్రవరి 21 నీకు జ్ఞాపకముందా? దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్ళకు కట్టిన బాంబులు రెండు పేలాయి. నాన్న రోజూ ఆఫీసు నించి వస్తూ అక్కడే బస్సు దిగి, కూరలు కొనుక్కుని కొత్తపేట దాకా నడిచి వస్తారు. ఆ సాయంత్రం ఏడింటికి పేలుళ్ళని టీవీలో చెప్పారు. ఫోను కలవదు. నాన్న తొమ్మిదిన్నరకి వచ్చారు. ఆఫీసులో ఏవో పద్దులు కలవక ఉండిపోయారట. ఆ రెండున్నర గంటలూ నేను మన మెట్లమీద కూర్చున్నాను. నాకప్పుడు పదకొండేళ్ళు. 'ఇది ఎవరు చేశారో ఎలా తెలుస్తుందమ్మా?' అని అడిగాను. అమ్మ చెప్పలేకపోయింది. నాన్న వచ్చాక ఆయన్నీ అడిగాను. ఆయనా చెప్పలేదు. ఆ ప్రశ్నకి జవాబు నేర్పే చోటు ఒకటి వుందని తెలిశాక, వెళ్ళొద్దంటే ఎలా?"

నా నలభై మాటలూ ఎక్కడికి పోయాయో! బావగారు పేపరు తిరగెయ్యడం మానేసి ఒకే పేజీ చూస్తూ కూర్చున్నారు. చెల్లెలు వంటింట్లోకి వెళ్ళి ఎంతసేపటికీ రాలేదు. మర్నాడు రైలెక్కేటప్పుడు బావగారే అన్నారు: "గాంధీనగరంలో మన భోజనం దొరుకుతుందంటారా?" అని. అంటే పిల్ల గెలిచిందన్నమాట.

ఆ విశ్వవిద్యాలయం గురించి నేను తెలుసుకున్నది రెండు ముక్కల్లో చెబుతాను. గుజరాతు ప్రభుత్వం దీన్ని రాష్ట్ర విశ్వవిద్యాలయంగా 2009లో మొదలుపెట్టింది. 2020లో పార్లమెంటు చట్టం చేసి, జాతీయ ఫోరెన్సిక్ శాస్త్రాల విశ్వవిద్యాలయమని పేరు పెట్టి, జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా చేసింది. విద్య మాత్రం మన దేశానికి బొత్తిగా కొత్తదేమీ కాదు. వేలిముద్రలతో మనిషిని పోల్చే కార్యాలయం కలకత్తాలో 1897లోనే వెలసింది. అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు మనవాళ్ళ బుర్రలు దాని వెనక వున్నాయి. ఆ తర్వాత 1910లో ఫ్రాన్సులోని లియాన్ పట్టణంలో ఎడ్మండ్ లోకార్డ్ అనే ఆయన పోలీసు ప్రయోగశాల పెట్టాడు. తాకిన ప్రతిదీ ఏదో ఒక జాడ ఇస్తుంది, ఏదో ఒక జాడ తీసుకుంటుంది అన్నది ఆయన పేర చెలామణీ అవుతున్న సూత్రం. నాటి వేలికి బదులు నేడు కంప్యూటరు మీట. అంతే తేడా.

2025 సంక్రాంతికి పిల్ల మా వూరు వచ్చింది. మా ఆవిడ దానికి అరిసెలు పెట్టి, పక్కన కూర్చుని, బాంబుల సంగతులు చెప్పమంది. ఆవిడకు డిటెక్టివు నవలలంటే ప్రాణం.

"బాంబుల సంగతులేం లేవత్తయ్యా. మొదటి పాఠం ముట్టుకోకపోవడం" అంది పిల్ల.

"అదేమిటే? మడా?" అంది మా ఆవిడ.

"మడే అనుకో. నేరస్తుడి కంప్యూటరు దొరికిందనుకో. మనం ఆత్రంగా దాన్ని తెరిచి చూశామా, చూడడంలోనే దానిలోపల ఎన్నో మార్పులు జరిగిపోతాయి. ఫలానా ఫైలు ఎప్పుడు తెరిచారన్న తేదీ మారిపోతుంది. అంచేత అసలు దాని జోలికి పోం. రాయడానికి వీల్లేకుండా, చదవడానికి మాత్రమే వీలిచ్చే పరికరం ఒకటి మధ్యలో పెట్టి, డిస్కుకంతటికీ నకలు తీస్తాం. కనబడే ఫైళ్ళకే కాదు, ఖాళీగా కనిపించే జాగాక్కూడా. పరీక్షలన్నీ ఆ నకలు మీదే. అసలు సీలుపడి బీరువాలో వుంటుంది. అది ఎవరి చేతినించి ఎవరి చేతికి ఏ తేదీన ఏ వేళకి వెళ్ళిందో ప్రతిదానికీ సంతకం వుండాలి. ఫోనయితే బయటి సంకేతాలు సోకని సంచీలో వేస్తాం. లేకపోతే ఎక్కడో కూర్చున్న మనిషి దాన్ని తుడిచెయ్యగలడు."

"ఖాళీ జాగాకి నకలెందుకు?" అన్నాను.

"నువ్వు ఫైలు చెరిపేశావనుకో మావయ్యా. చాలాసార్లు అది వెంటనే పోదు. లైబ్రరీలో కార్డు చింపేసినట్టు, దాని చిరునామా మాత్రం పోతుంది. పుస్తకం బీరువాలోనే వుంటుంది, ఆ చోట ఇంకో పుస్తకం పెట్టేదాకా. కాని ఇప్పటి కొత్తరకం డిస్కుల్లో కంప్యూటరే ఖాళీ చేసిన జాగాని త్వరగా తుడిచేస్తుంది. అప్పుడు మేము కూడా తెల్లమొహం వెయ్యాల్సిందే."

నాకు ఉత్సాహం పొంగింది. ఇదంతా మా ఇంటి విద్యే! తాళపత్ర గ్రంథాలు పరిష్కరించే వాళ్ళు చేసే పని ఇదే కదా. బ్రౌను దొర కడపలో బంగళా తీసుకుని, పండితులకు జీతాలిచ్చి కూర్చోబెట్టి, ఊరూరి నించి ప్రతులు తెప్పించి, పద్యానికి పద్యం సరిచూపించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చువేశాడు. ఏ పాఠం అసలు, ఏది లేఖకుడి తప్పు, ఏది ఎవరో తర్వాత దూర్చిన ప్రక్షిప్తం అన్నదే ఆ తపనంతా. మానవల్లి రామకృష్ణకవిగారు 1909లో నన్నెచోడుడి కుమారసంభవం ప్రకటిస్తే, అది ప్రాచీన గ్రంథమేనా, కల్పితమా అని పండితుల్లో ఎంత దుమారం రేగిందో తెలుగు ఎమ్మే చదివిన వాళ్ళందరికీ తెలుసు.

"సరిగ్గా అదే! కాని మా దగ్గర ఒక సుళువు వుంది. నీ దగ్గరున్న వ్యాసం ఒకటి ఇయ్యి" అంది పిల్ల.

నేను రాసిన పది పేజీల వ్యాసం ఇచ్చాను. కంప్యూటరులో ఏదో లెక్క కట్టించింది. అక్షరాలూ అంకెలూ కలిసి అరవైనాలుగు గుర్తుల బారు ఒకటి వచ్చింది. దాన్ని హ్యాష్ అంటారట.

"ఇది నీ వ్యాసానికి వేలిముద్ర. ఇప్పుడు ఎక్కడైనా ఒక్క కామా పెట్టు."

పెట్టాను. మళ్ళీ లెక్క కట్టింది. గుర్తుల బారు ఆసాంతం మారిపోయింది. మొదటిదానికీ దీనికీ పోలికే లేదు.

"నకలు తియ్యగానే అసలుకీ నకలుకీ ఈ బారు కట్టి రాసుకుంటాం. రెండూ ఒకటయితే నకలు ముమ్మూర్తులా అసలే. రెండేళ్ళ తర్వాత కోర్టులో మళ్ళీ కట్టినా అదే రావాలి. రాలేదా, మధ్యలో ఎవరో చెయ్యి పెట్టినట్టే. 2024 జూలై 1 నించి అమల్లోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలో, కంప్యూటరు సాక్ష్యంతోపాటు ఇవ్వాల్సిన ధ్రువపత్రంలో ఈ బారు కూడా రాయాలి. దానిమీద నిపుణుడు సంతకం పెట్టాలి."

ఇక నేను ఆగలేకపోయాను. నాబోటి వాడికీ ఒక డిటెక్టివు ఘనత వుందని చెప్పుకోవాలనిపించింది. చెప్పాను.

2018లో మా కాలేజీ వార్షిక సంచికకు నేను సంపాదకుణ్ణి. కథల పోటీ పెట్టాం. ఫిబ్రవరిలో రెండు కథలు వచ్చాయి. ఒకటి బి.ఏ. రెండో ఏడు చదివే అమ్మాయిది, ఒకటి మూడో ఏడు అబ్బాయిది. పాత్రల పేర్లే తేడా, కథ ఒకటే. పొలం అమ్మేశాక కూడా ప్రతి ఉదయం ఆ గట్టుదాకా నడిచి వెళ్ళి వచ్చే ఒక ముసలమ్మ కథ. నాదంటే నాదని ఇద్దరూ అన్నారు. నేను ఇద్దరి పెన్‌డ్రైవులూ తెప్పించి, ఫైళ్ళ మీద తేదీలు చూశాను. అబ్బాయి ఫైలు ఫిబ్రవరి 5. అమ్మాయి ఫైలు ఫిబ్రవరి 8. తండ్రి కంటే ముందు కొడుకు పుట్టడు గదా! తీర్పు చెప్పేశాను. కథ అబ్బాయి పేరుతో అచ్చయింది. అమ్మాయిని క్లాసులో నిలబెట్టి, పరుల సొమ్ము ఆశించడం గురించి పావుగంట ఉపన్యసించాను. యంత్రం అబద్ధం చెప్పదని కూడా అన్నాను. ఆ పిల్ల మారుమాట్లాడలేదు. మాట్లాడకపోవడమే తప్పు ఒప్పుకోవడమని నేననుకున్నాను.

మేనకోడలు అరిసె కింద పెట్టింది.

"అబ్బాయి ఆ కథ ఏ కంప్యూటరు మీద టైపు చేశాడు మావయ్యా?"

"మా డిపార్టుమెంటు కంప్యూటరు మీద. సంచిక పనికి అతను సాయంగా వుండేవాడు."

"దానికి ఇంటర్నెట్టు వుందా?"

"లేదు. పాతకాలపుది."

"దాని గడియారం సరిగ్గా వుందో లేదో చూశావా?"

కంప్యూటరుకి గడియారం వుంటుందని తెలుసు గాని, అది తప్పు చెప్పవచ్చునని నాకెప్పుడూ తోచలేదు. ఫైలుమీద తేదీ వేసేది ఆ గడియారమేనట. లోపల ఒక చిన్న సెల్లు దాన్ని నడిపిస్తుందట. సెల్లు నీరసిస్తే, కరెంటు లేనప్పుడు గడియారం వెనకబడుతుందట. ఇంటర్నెట్టు వున్న కంప్యూటరయితే దానంతటదే టైము సరిచేసుకుంటుంది. లేనిదాన్ని సరిచేసే దిక్కు లేదు.

"ఆ కంప్యూటరు ఇప్పుడుందా?"

"ఎప్పుడో పాత సామాను కింద అమ్మేశారు."

"ఆ రోజుల్లో నువ్వు దానిమీద రాసుకున్నదేదైనా నీ దగ్గర వుందా?"

మా ఆవిడ నవ్వింది. నేను చిల్లుపడిన గొడుగు కూడా పారెయ్యను. బీరువా అడుగున పాత పెన్‌డ్రైవు దొరికింది. పిల్ల దాన్ని కూడా ఊరికే తెరవలేదు. తన పరికరం మధ్యలో పెట్టి, నకలు తీసుకుని, నకలే తెరిచింది. అందులో సంచిక కమిటీ సమావేశం మినిట్సు వున్నాయి. "12-2-2018న జరిగిన సమావేశంలో" అని మొదలుపెట్టి, ఎవరేమన్నారో, ఎన్ని గంటలకు ముగిసిందో నేనే ఆ సాయంత్రం టైపు చేశాను. ఫైలు మీద తేదీ చూపించింది. ఫిబ్రవరి 3.

జరగబోయే సమావేశంలో ఎవరేమంటారో తొమ్మిది రోజుల ముందే రాసిపెట్టిన త్రికాలజ్ఞుణ్ణి నేను!

ఆ ఏడు సంక్రాంతి సెలవులకి అటెండరు మెయిను కట్టేసి వెళ్ళడం జ్ఞాపకం వచ్చింది. అబ్బాయి ఫైలుకి తొమ్మిది రోజులు కలిపితే ఫిబ్రవరి 14. అమ్మాయి ఫైలు కంటే ఆరు రోజులు వెనక. నాకు చెమట పట్టింది.

"అయితే వాడే దొంగ!" అన్నాను.

"ఆగు మావయ్యా" అంది పిల్ల కొంచెం కటువుగానే. "మళ్ళీ అదే పని చేస్తున్నావు. ఆ అబ్బాయి ముందు కాయితం మీద రాసుకుని తర్వాత టైపు చేసి వుండొచ్చు. ఆ అమ్మాయి టైపు చేసిన కంప్యూటరు గడియారం ఎలా వుందో మనకి తెలీదు. ఫైలు తేదీని బట్టి నువ్వు చెప్పిన తీర్పు చెల్లదు. ఇంతవరకే మనం అనగలం. దీనికి మించి ఒక్క మాటన్నా, సాక్ష్యం చెప్పని మాట మనం చెప్పినట్టే. మాకు మొదటి పాఠం ముట్టుకోకపోవడమైతే, చివరి పాఠం ఇది."

కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. తర్వాత తనే, నన్ను ఓదార్చడానికో ఏమో, వాళ్ళు చదువుతున్న ఒక కేసు చెప్పింది. నాకు ఓదార్పు కలగలేదు.

2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద ఉగ్రవాదులు దాడి చేశారు. కాపలా వున్నవాళ్ళు ప్రాణాలొడ్డి ఆపారు. తర్వాత పట్టుబడిన వాళ్ళలో ఢిల్లీలో అరబ్బీ పాఠం చెప్పే కాలేజీ లెక్చరరు ఒకాయన వున్నాడు, ఎస్.ఏ.ఆర్. గిలానీ. దాడి మర్నాడు కాశ్మీరునించి తమ్ముడు ఆయనకు ఫోను చేశాడు. మాట్లాడినది రెండు నిమిషాల పదహారు సెకన్లు, కాశ్మీరీ భాషలో. పోలీసులు అది రికార్డు చేశారు. ప్రాసిక్యూషను వారు ఒక అనువాదం పెట్టారు. ప్రతివాదులు మరొకటి పెట్టారు. ఒకదాని ప్రకారం ఆయన దాడిని సమర్థించినట్టు. ఇంకొకదాని ప్రకారం అది ఇంటి విషయాల సంభాషణ. 2002లో కింది కోర్టు ఆయనకు ఉరిశిక్ష వేసింది. 2003లో ఢిల్లీ హైకోర్టు విడుదల చేసింది. 2005 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ విడుదలను ఖాయం చేసింది. ఆయన మీద అనుమానం లేదనలేదు సుమండీ. అనుమానం ఎంత బలమైనదైనా రుజువు కాదన్నది. అదే తీర్పులో మరొక ముద్దాయి అఫ్జల్ గురుకు ఉరిశిక్ష ఖాయం చేసింది. 2013 ఫిబ్రవరిలో అది అమలు జరిగింది. ఆ కేసులోనే ఒక లాప్‌టాపు కంప్యూటరు సాక్ష్యంగా వచ్చింది. దాడి చేసినవాళ్ళు వాడిన దొంగ గుర్తింపు కార్డుల నమూనాలు అందులో దొరికాయి. పోలీసుల చేతికి చిక్కాక అందులో ఎవరో వేలు పెట్టారని ప్రతివాదులు వాదించారు. కోర్టు నిపుణుల సాక్ష్యం నమ్మి ఆ వాదన తోసిపుచ్చింది.

"అదే తీర్పులో ఇంకో సంగతి వుంది. ఫోను కంపెనీ రికార్డులకి ధ్రువపత్రం లేకపోయినా సాక్ష్యంగా తీసుకోవచ్చన్నారు. 2014లో అదే సుప్రీంకోర్టు, అలా కాదు, ధ్రువపత్రం వుండి తీరాలని చెప్పింది. 2020లో మళ్ళీ గట్టిగా చెప్పింది. ఇరవయ్యేళ్ళలో కోర్టులు కూడా నేర్చుకుంటున్నాయి మావయ్యా" అంది పిల్ల.

నా మనసు మాత్రం ఆ రెండు నిమిషాల పదహారు సెకన్ల దగ్గరే ఆగిపోయింది. ఒక వాక్యానికి అర్థం చెప్పడం నా వృత్తి. పరీక్ష పేపర్లో తప్పు అర్థం రాస్తే రెండు మార్కులు తీసేస్తాను. అక్కడ ఒక మాట అర్థం మీద ఒక మనిషి మెడ వేలాడింది.

మా ఆవిడ అంది: "మరి ఇలా సందేహాలు పడుతూ కూచుంటే, చేసినవాళ్ళు తప్పించుకుపోరూ?"

ఆ మాటా తోసెయ్యదగ్గది కాదు. పిల్ల తొందరపడకుండా జవాబు చెప్పింది.

"సందేహపడనందువల్లే తప్పించుకుంటారత్తయ్యా. 2007 మే 18న మక్కా మసీదులో శుక్రవారం నమాజు వేళ బాంబు పేలి తొమ్మిదిమంది చచ్చిపోయారు. మొదట పాతబస్తీ కుర్రాళ్ళని ఎందరినో పట్టుకెళ్ళారు. నేరం రుజువు కాలేదు. తర్వాత కేసు ఒకరి చేతినించి ఒకరి చేతికి మారి, వేరేవాళ్ళ మీద మోపారు. 2018 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక కోర్టు ఆ ఐదుగురి మీదా నేరం రుజువు కాలేదని విడిచిపెట్టింది. పదకొండేళ్ళయ్యాక, ఎవరు చేశారంటే చట్టం దృష్టిలో ఎవరూ చెయ్యలేదు. ఆ తొమ్మిది ఇళ్ళల్లోనూ నాలాగే మెట్లమీద కూర్చున్న పిల్లలు వుండి వుంటారు. వాళ్ళ నాన్నలు తొమ్మిదిన్నరకి కూడా రాలేదు. వాళ్ళకి జవాబు కావాలి. తప్పుడు జవాబు కాదు."

దిల్‌సుఖ్‌నగర్ కేసులో మాత్రం జవాబు వచ్చింది. 2016 డిసెంబరులో ప్రత్యేక కోర్టు ఐదుగురికి మరణశిక్ష వేసింది. పిల్ల మా ఇంటినించి వెళ్ళిన మూడు నెలలకి, 2025 ఏప్రిల్‌లో, తెలంగాణ హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఆ రోజు నేను బావగారికి ఫోను చేశాను. ఆయన చాలాసేపు ఊరుకుని, "అమ్మాయికి ఫోను చేశాను బావా. క్లాసులో వుందట" అన్నారు. అంతకుమించి ఆయనేమీ అనలేదు. ఆ గొంతులో ఇదివరకటి విసుగు లేదు.

ఇక నా కేసు మిగిలింది.

పిల్ల వెళ్ళిన మర్నాటినించీ ఆ కథ రాసిన అమ్మాయి ఎక్కడుందో వాకబు చేశాను. (చూశారా, "కథ రాసిన అమ్మాయి" అంటున్నాను. అనకూడదు. కథ ఇచ్చిన అమ్మాయి.) మా వూరికి పాతిక మైళ్ళ దూరంలో ఒక గ్రామ సచివాలయంలో ఉద్యోగం చేస్తున్నదని తెలిసింది. ఫోను చేద్దామనుకున్నాను. క్లాసులో నలుగురి ముందూ అన్న మాటకి ఫోనులో చాటుగా క్షమాపణ చెప్పడం న్యాయం కాదనిపించి, బస్సెక్కాను.

నన్ను చూడగానే లేచి నిలబడింది. పక్కసీటు వాళ్ళకి "మా సారు" అని చెప్పింది. పింఛను కాయితాల కోసం నిలుచున్న ముసలివాళ్ళు నలుగురైదుగురు వున్నారు. వాళ్ళందరి ముందే చెప్పాను. తేదీల సంగతి, గడియారం సంగతి, సమావేశం కంటే ముందే పుట్టిన నా మినిట్సు సంగతి. కథ నీదో కాదో నేనిప్పుడు తేల్చలేనమ్మా, కాని తేల్చే అర్హత లేకుండానే ఆనాడు తేల్చాను, తప్పయిపోయింది అన్నాను.

ఆ పిల్ల తల వంచుకుని విన్నది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు, నవ్వనూ లేదు.

"కథ వెయ్యకపోతే పోనిద్దురు సార్. ఆ ముసలమ్మ ఎవరని మీరు నన్ను అడిగి వుంటే బాగుండేది. మా నాయనమ్మ. అప్పటికింకా బతికేవుంది. మా వూరు తీసుకెళ్ళి చూపించేదాన్ని" అంది.

యంత్రాన్ని అడిగాను. మనిషిని అడగలేదు. ఆనాటి నా దర్యాప్తు అంతా ఇదీ.

"ఇప్పుడేమైనా రాస్తున్నావా?" అని అడిగాను, అడగడానికి నోరు రాకపోయినా.

"తీరిక లేదు సార్" అంది. తీరికే కారణమయితే బాగుండునని నేను బస్సులో వస్తూ అనుకున్నాను. కాని నాకు తెలియని సంగతి నేను అనుకోగూడదు గదా. పిల్ల నేర్పిన పాఠం.

రాత్రి గాంధీనగరానికి ఫోను చేసి మేనకోడలికి ఇదంతా చెప్పాను. అంతా విని, "ఆ అబ్బాయిని కూడా అడిగావా మావయ్యా?" అంది.

అడగలేదు. రాబోయే ఆదివారం వెళ్ళాలి. అతని చిరునామా సంపాదించాను. ఈసారి సంచీలో నాలుగు మాటలూ పెట్టుకోవడం లేదు, నలభై మాటలూ పెట్టుకోవడం లేదు. వినడానికి వెళుతున్నాను.